ఒకే చెంబులో రెండు నీళ్లు

"ఇది దొంగ పనామె చెంబు మేడం. దీనికో కత ఉంది, జర ఇనుండ్రి" అన్నాడు పాత సామాన్లు అమ్మే అతను.

ఆర్మూర్ అంగడిలో ఉల్లిగడ్డల కుప్పలు దాటాక ప్లాస్టిక్ బకెట్ల దుకాణం వస్తుంది. దాని పక్కన నేల మీద టార్పాలిన్ పరచుకుని కూర్చుంటాడతను. నలభై ఏళ్లుంటాయి. దుబాయ్ హోటళ్లలో పనిచేసి వచ్చాడట. అక్కడివాళ్లు పాత ఇత్తడి సామాను తుడిచి తుడిచి అద్దాల బీరువాల్లో పెట్టుకోవడం చూసి, ఇక్కడ కూల్చేస్తున్న ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నేను ఆ రోజు తోటకూర కోసం వెళ్లాను. ఆ చెంబు కనబడగానే కాళ్లు ఆగిపోయాయి.

చేతులు కడిగించే సెట్టు అది. వెడల్పాటి ఇత్తడి పళ్లెం, దాని మీద చిల్లుల మూత, పక్కన పొడుగు కొమ్మున్న చెంబు. మురికి నీళ్లు చిల్లుల్లోంచి కిందికి దిగిపోతాయి, అతిథి కంట పడవు. అట్ట ముక్క మీద 'రాయల్ హ్యాండ్‌వాష్ సెట్' అని రాసి పెట్టాడు. చుట్టూ ఎనిమిది పది మంది పోగయ్యారు.

"లోపట నడిమిట్ల గోడున్నది. ఒక దిక్కు ఉత్త నీళ్లు పోసిన, ఇంకో దిక్కు పసుపు కలిపి పోసిన. సూడుండ్రి గమ్మత్తు" అని చెంబు వంచాడు. చెంబు పిడి మీద సూది మొనంత రంధ్రాలు రెండున్నాయి. బొటనవేలితో ఒకటి మూస్తే తెల్లటి నీళ్లు వచ్చాయి. వేలు జరిపి రెండోది మూస్తే, అదే కొమ్ములోంచి పచ్చటి నీళ్లు వచ్చాయి. గాలి లోపలికి పోకపోతే నీళ్లు బయటికి రావు, అంతే సంగతి. ముప్పై ఏళ్లు బడిలో గాలి ఒత్తిడి పాఠం చెప్పాను. ఒక్క ఏడాది కూడా పిల్లలకు ఈ చెంబు సంగతి చెప్పలేదు. చెప్పాలంటే ఆమె సంగతి చెప్పాల్సి వచ్చేది.

జనం నవ్వారు. ఒకరిద్దరు ఫోన్లు తీశారు. అతనికి హుషారొచ్చింది.

"ఎన్కట గొప్పోళ్లకు పన్నీరు, మామూలోళ్లకు ఉత్త నీళ్లు, ఒకటే చెంబుతోని పోపిచ్చేటోళ్లట. పోసుకునేటోనికి ఎర్కనే కాదు. గీ చెంబు ఒక సేటు ఇంట్లది, గా ఇంట్ల పనామె ఒకతి పన్నీరు దొంగతనం జేస్కుంట దొరికిందట. సేటు మనుమడే జెప్పిండు నాకు, గా ఇల్లు కూలగొట్టేటప్పుడు."

జనం మళ్లీ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీళ్లలో కూడా తేడా చేసిన మనిషి గొప్పోడు, పనిమనిషి దొంగ. రెండోమాట కథయింది, మొదటిమాట గమ్మత్తయింది. కథ చెప్పింది కూడా ఎవరు? ఆ సేటు మనుమడు. ఆ ఇంటి గోడలు కూలాయి గానీ ఆ అబద్ధం మాత్రం చెక్కుచెదరకుండా సామానుతో పాటు బయటికొచ్చింది.

"ఆమె దొంగ కాదు" అన్నాను. బడిలో వెనక బెంచీకి వినబడేంత గట్టిగా అన్నాను.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆమె మనుమలు ఇదే ఊళ్లో ఉన్నారు. దొంగ అన్న మాట పక్కన ఆ పేరు అచ్చులో పడటం నాకిష్టం లేదు, కాదని చెప్పడానికైనా సరే.

నేను ఆమెను మొదట చూసినప్పుడు నాకు పదేళ్లు. మాది భీమ్‌గల్ వైపు ఊరు. మా నాయిన ఏటా పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తి ఎడ్లబండి మీద ఆర్మూర్ తెచ్చేవాడు. పట్నం చూస్తానని ఏడిస్తే ఆ ఏడు నన్నూ బండెక్కించాడు. పసుపు దింపేది ఒక పెద్ద అడ్తి దుకాణంలో. రైతు తెచ్చిన పసుపును కాంటా పెట్టి, పైనుంచి వచ్చిన వ్యాపారులకు అమ్మించే మనిషి అడ్తిదారు. ఊరంతా ఆయన్ని సేటు అనేవారు. కాంటా అయ్యేదాకా రెండు మూడు రోజులు రైతులు ఆయన వాకిట్లోనే ఉండేవారు. మధ్యాహ్నం భోజనం ఆయనదే. వ్యాపారులూ రైతులూ ఒకే వసారాలో ఒకే బంతిలో కూర్చునేవారు. "నా ఇంట్ల ఒకటే బంతి, ఒకటే చెంబు" అని సేటు మీసం దువ్వుకుంటూ చెప్పుకునేవాడు. ఆ మాట విని మా ఊళ్లో ఆయన్ని దేవుడన్నవాళ్లున్నారు.

ఆ ఒకటే చెంబు ఆమె చేతిలో ఉండేది.

ఆమె మనిషి మొహం చూసేది కాదు, చేతులు చూసేది. పళ్లెం ముందుకు నెట్టి, గొంతుక్కూర్చుని, "చెయ్యి సాపు" అనేది. అంతకు మించి పలకరింపు లేదు. నీటిధార సన్నగా, తెగకుండా పోసేది. తొందరపడి చెయ్యి వెనక్కి తీసుకుంటే చెంబు కొమ్ముతో మణికట్టు మీద మెల్లగా తట్టేది. "ఆగు. గోర్లల్లకు పోనియ్యి" అనేది. పెద్దవాళ్లు కూడా బడిపిల్లల్లా ఆగేవారు. ఆ రోజు నా చేతులకు సగం చెంబు ఖర్చు పెట్టింది. "ఏం తొవ్వినవే బిడ్డా, బాయా?" అని అడిగింది.

చేతులకు ఆమె పేర్లు పెట్టుకుంది. ఉడకబెట్టిన చెయ్యి, బస్త కుట్టిన చెయ్యి, కాంటా చెయ్యి. వ్యాపారుల చేతిని "ముంచి సూసే చెయ్యి" అనేది, బస్తాలో ముంచి, నాలుగు పసుపు కొమ్ములు తీసి, విరిచి చూసి, పారేసి పోయే చెయ్యి అని. ఏ చెయ్యి చూసినా ఏ ఊరి పసుపో, ఎన్నాళ్ల కిందట ఉడకబెట్టారో చెప్పేది. ఒక్కసారి తప్పు చెప్పగా నేను వినలేదు. ఆమె చేతులు మాత్రం పొద్దంతా నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి. పసుపు ఊళ్లో పసుపంటని చేతులు అవి ఒక్కటే. బంతి మొత్తం లేచాక చెంబులో అడుగున మిగిలిన నీళ్లతో తన చేతులు కడుక్కుని, వంటింటి వెనక కూర్చుని తినేది.

ఆ ఏడు మా నాయిన చేతులు బాగా పగిలాయి. పసుపు ఉడికే కడాయి దగ్గర వారం రోజులు ఆవిరిలో ఉన్నాడు. వేళ్ల సందుల్లో చర్మం చీలి, దాని మీద పసుపు పట్టి, చూడలేకుండా ఉండేవి. ఆమె ఆ చేతులు చూసి కాసేపు చెంబు వంచలేదు. "ఉడకబెట్టిన చెయ్యి" అని తనలో తను అనుకుంది. తర్వాత పోసింది. నేను పక్కనే కూర్చున్నాను. వాసన నాకూ వచ్చింది. అప్పటిదాకా పెళ్లి పందిట్లో తప్ప ఎక్కడా తగలని వాసన.

మా నాయిన చేతులు మొహం దగ్గరికి తీసుకుని అలాగే ఉండిపోయాడు. అన్నం చల్లారిపోతోందని నేను గుర్తుచేయాల్సి వచ్చింది. తిన్నాక తిన్నగా సేటు గద్దె దగ్గరికి వెళ్లాడు. ముగ్గురు పైరాష్ట్రం వ్యాపారులు అక్కడే కూర్చుని తమలపాకులు వేసుకుంటున్నారు. మా నాయిన చేతులు కట్టుకుని, మనసులో ఉన్నది దాచుకోవడం తెలియని మనిషి కాబట్టి, అందరికీ వినబడేలా అన్నాడు.

"సేటు, రైతులకు గూడ పన్నీరు పోపిచ్చేటోణ్ని నేను యాడ సూడలే. నీ కడుపు సల్లగుండ."

ఈ తప్పు మా నాయినలాంటివాళ్లే చేయగలరు. మంచి జరిగితే దానికి కారణం పెద్దమనిషే అయి ఉంటాడని నమ్మడం. చెంబు పట్టుకున్న మనిషికి కృతజ్ఞత చెప్పాలని తోచకపోవడం. నాకిప్పటికీ మా నాయిన మీద కోపం రావడానికి ఇదే మొదటి కారణం.

సేటు నవ్వాడు. "నా ఇంట్ల తేడలుంటయా అన్నా. ఒకటే బంతి, ఒకటే చెంబు" అన్నాడు. నేను ఆమె వైపు చూశాను. చెంబు పిడి మీద ఆమె బొటనవేలు గట్టిగా నొక్కుకుని ఉంది. తల ఎత్తలేదు.

మరుసటి పొద్దున వాకిట్లో గొడవ. పన్నీరు సీసాలు త్వరత్వరగా అయిపోతున్నాయని సేటు భార్య అంటోంది. సేటు ఆ పనామె బట్టల మూట తెప్పించి రైతులందరి ముందూ విప్పించాడు. అందులో ఒక చీర, రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ ఉన్నాయి. సీసా లేదు, చుక్క లేదు. అయినా దొంగ అన్నాడు.

"నేను ఇంటికి తీస్కపోలే సేటు. చేతుల మీదనే పోసిన" అంది ఆమె.

ఎవరి చేతుల మీద అని ఆయన అడగలేదు. ఎలా అడుగుతాడు? అడిగితే రైతుల చేతుల మీద అని చెబుతుంది. అందరికీ ఒకటే చెంబు కదా, అందులో తప్పేముందని రైతులడుగుతారు. రెండు నీళ్ల సంగతి బయటపడుతుంది. ఇన్నేళ్లూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే కొమ్ములోంచి ఒకరికి పన్నీరు, ఒకరికి బావినీళ్లు పోయించి, దాన్ని సమానత్వమని చెప్పుకున్న పెద్దమనిషి గుట్టు రట్టవుతుంది. పన్నీరు పంచిందని చెప్పలేడు కాబట్టి దొంగిలించిందన్నాడు. అంతకంటే సులువైన మాట ఆయనకు దొరకలేదు. దాన్ని ఒక మనిషి బతుకు మీద వేసేసి లోపలికెళ్లి చాయ్ తాగాడు.

ఆమె మూట కట్టుకుని గేటు దాటి, మళ్లీ తిరిగొచ్చి మా బండి దగ్గర నిలబడింది. ఉత్త చేతిలో చెంబు ఉన్నట్టు పట్టుకుని, వేలు అటు జరిపి ఇటు జరిపి, రెండు నీళ్ల కిటుకు మా నాయినకు చూపించింది. అప్పుడే మాకు ఆ సంగతి తెలిసింది.

"నీ చేతులు సూస్తే పానం ఒప్పలే అన్నా. పోసిన. గసుంటి చేతులు శానమందియి, గట్లనే పోసిన. ఒక్క మాట చెప్పు సేటుకు, అందరి ముందట. నా చేతుల మీద పోసింది, ఎత్కపోలేదని చెప్పు. పని పోతె పోనీ. దొంగ అన్న మాట పోవాలె."

"చెప్త చెల్లె" అన్నాడు మా నాయిన.

చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, మరునాడూ చెప్పలేదు. మూడో రోజు ఖాళీ బండి మీద తిరిగిపోతుంటే అడిగాను, "నాయినా, ఎప్పుడు జెప్తవ్?" అని. "ఊకో బిడ్డ" అన్నాడు. ఎడ్లను అదిలించాడు. అంతే. నేను ఊకున్నాను.

ఊరు ఊకోలేదు. 'పన్నీరు దొంగ' అని పేరు పెట్టింది. ఒక్క ఇంటి గడప లోపల ఆమెకు పని దొరకలేదు. మార్కెట్ యార్డులో పసుపు ఏరే కూలికి పోయింది, సన్నటి కొమ్ములు ఒక పక్క, గుండ్రటి దుంప మండలు ఒక పక్క. ఆ తెల్లటి చేతులు పచ్చబడ్డాయి. నేను ఆర్మూర్‌లో హాస్టల్లో ఉండి హైస్కూలు చదివే రోజుల్లో ఆమెను తరచూ చూసేదాన్ని. ఎదురుపడకుండా తప్పుకునేదాన్ని. కానీ చూసేదాన్ని.

ఏ వాకిలి దాటినా, ఎవరూ అడగకముందే, కొంగు విప్పి దులిపి చూపించేది. "సూస్కోండ్రి" అనేది. దుకాణం ముందు కూడా అంతే, గుడి ముందు కూడా అంతే. పిల్లలకు అదొక ఆట. వెనకాల నిలబడి తమ చొక్కాలు దులిపి "సూస్కోండ్రి" అని అరిచేవారు. ఆమె వెనక్కి తిరిగి, వాళ్ల చొక్కాలు నిజంగానే పరీక్షగా చూసి, "ఆఁ, ఏం లేవు. పోండ్రి" అనేది. ఏడిపించేవాళ్లకే విసుగు పుట్టేది.

మా హాస్టల్ వంటామె కూతురి పెళ్లిలో మనుషులు దొరక్క ఆమెను గిన్నెలు తోమడానికి పిలిచారు. పని అయ్యాక పెళ్లివారు ఆమె ముందే చెంచాలు లెక్కపెట్టారు. ఆమె కదలకుండా నిలబడి వాళ్లతో పాటు పైకి లెక్కపెట్టింది. లెక్క సరిపోయింది. వాళ్లు మూట కట్టబోతుంటే, "ఇంకోసారి లెక్కపెట్టుండ్రి" అంది. పెట్టారు. "ఇంకోసారి" అంది. మూడోసారి లెక్కపెట్టేసరికి పెళ్లివారి పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "సరిగ్గున్నయి పోవమ్మ" అన్నాడు. "సరిగ్గున్నయని గట్టిగ జెప్పు. అందరికి ఇనబడాలె" అంది. చెప్పాకే కదిలింది. ఆ రోజు నేను వంటశాల తలుపు వెనక నిలబడి చూశాను. ఆమె పక్కన నిలబడి మరో మాట చెప్పాల్సింది నేను. నాకు పద్నాలుగేళ్లు. తలుపు వెనక నుంచి రాలేదు.

తర్వాత చాలా ఏళ్లకు, నేను జక్రాన్‌పల్లి దగ్గర బడిలో టీచర్‌గా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం బస్సులో నా పక్కన వచ్చి కూర్చుంది. నేను గుర్తుపట్టినా మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆమె నా ఒళ్లో ఉన్న చేతుల వైపు చూస్తూ ఉంది. వేళ్ల నిండా సుద్దముక్క పొడి.

"నువ్వు భీమ్‌గల్ దిక్కు పసుపాయన బిడ్డవు గద" అంది. "గాయన బొటనేలే నీకచ్చింది."

దాక్కోవడానికి లేదు. అవునన్నాను.

"మంచిగున్నడా మీ నాయిన? చేతులు ఇంక పలుగుతున్నయా?"

బాగున్నాడని చెప్పాను. ఆమె ముందు సీటు ఇనుప కమ్మీ పట్టుకుంది. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో ఆ కమ్మీని ఒకే చోట నొక్కుతూ ఉంది, అక్కడ మూయాల్సింది ఏదో ఉన్నట్టు. కాసేపయ్యాక అడిగింది.

"చెప్పిండా మీ నాయిన, సేటుకు?"

సేటు పోయి అప్పటికి రెండేళ్లయింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నాకు కాస్త సులువయ్యేది. ఇరవై ఏళ్లు ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసి, బస్సులో అడుగుతోంది.

"చెప్పిండవ్వా" అన్నాను.

"మరి సేటు ఏమన్నడు?"

"తప్పయింది అన్నడట."

"అన్నడా" అంది. ఇంకేం అడగలేదు. నమ్మిందో లేదో నాకు తెలియదు. దిగే ముందు లేచి నిలబడి, కండక్టర్ ముందు కొంగు విప్పబోయింది. విప్పకుండా ఆగింది. మళ్లీ నడుముకు దోపుకుని దిగిపోయింది. నేను చెప్పిన అబద్ధానికి ఆమె ఆ ఒక్క పూట కొంగు దులపలేదు. ఒక నిజమే చెప్పి ఉంటే ఎన్ని పూటలు మిగిలేవో లెక్క కట్టడానికి నాకు ధైర్యం చాలదు. ఆమె పోయిందని నాకు తెలిసేసరికి ఆర్నెల్లు గడిచాయి. పాడె మోసేదగ్గర కూడా ఎవరో పన్నీరు మాట ఎత్తి నవ్వారట.

అంగడిలో ఇదంతా చెప్పలేదు. నాలుగు ముక్కలు చెప్పాను. ఆ చెంబుతో రైతులకు ఉత్త నీళ్లు పోయించింది సేటనీ, పగిలిన చేతులు చూసి ఆమె వేలు జరిపిందనీ, ఆ పన్నీరు మా నాయిన చేతుల మీద పడిందనీ, అందుకే దొంగను చేశారనీ చెప్పాను. "నవ్వుడు బంద్ జేయుండ్రి" అన్నాను. ఫోన్లు దిగాయి.

పాత సామాన్ల అతను చెంబును జాగ్రత్తగా పళ్లెంలో పెట్టాడు.

"మీ కండ్లతోని సూసిండ్రా మేడం?"

"సూసిన."

"మరి గప్పుడే ఎందుకు చెప్పకపోతిరి?"

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగాడు.

"గప్పుడు మా పసుపు గాయన దగ్గర కాంటా గాలే. మా నాయిన భయపడ్డడు" అన్నాను.

"సరే. గా ఏడు గడిచినంక?"

"మల్ల ఏడుకు గూడ గాయన దగ్గరికే తేవాలె గద."

"సేటు సచ్చినంక?"

చుట్టూ ఉన్నవాళ్లందరూ ఇప్పుడు చెంబును వదిలి నన్ను చూస్తున్నారు.

"గప్పటికి నాకు నౌకరచ్చింది" అన్నాను. "మేం పసుపేసుడే బంద్ జేసినం."

అతను తల ఊపలేదు. నేను ఇంకా జవాబు చెప్పలేదన్నట్టు, నా మొహం వైపే చూస్తూ ఆగాడు.